లాక్_కెర్నెల్ తీసేశాక డ్రైవర్ హ్యాంగ్: కారణం నిద్రలో ఉంది

లైనక్స్ డ్రైవర్‌లో లాక్_కెర్నెల్ (మొత్తం కెర్నెల్‌కి ఉన్న ఒకే పాత తాళం, అంటే బిగ్ కెర్నెల్ లాక్, పట్టుకునే ఫంక్షన్) తీసేశాక డ్రైవర్ హ్యాంగ్ అవుతోందని అడిగారు. అది ఉన్న ప్రతి చోటా మ్యూటెక్స్_లాక్ (ఒకసారికి ఒక్క ప్రాసెస్‌కే దొరికే తాళం) పెట్టేయడమే కారణం. పాత బిగ్ కెర్నెల్ లాక్ పట్టుకున్న ప్రాసెస్ నిద్రలోకి వెళ్తే షెడ్యూలరే (ఏ ప్రాసెస్ నడవాలో నిర్ణయించే కెర్నెల్ భాగం) దాన్ని వదిలేసి, లేచాక మళ్లీ పట్టించేది. మ్యూటెక్స్‌ని ఎవరూ అలా వదిలించరు. మీ మాదాపూర్ ల్యాబ్ మెషీన్‌లో రీడ్ ప్రాసెస్ ఎస్ స్టేట్‌లో (సిగ్నల్‌తో లేపగల నిద్ర), ఐఆక్టల్ (డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే కాల్) ప్రాసెస్ డి స్టేట్‌లో (సిగ్నల్‌కీ లేవని నిద్ర) ఉన్నాయన్నారు కదా, అదే గుర్తు. రీడ్ లాక్‌తో పాటే నిద్రపోయింది, దాన్ని లేపాల్సిన ఐఆక్టల్ ఆ లాక్ కోసమే ఆగింది.

1. రీడ్‌లో వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్‌కి (కండిషన్ నిజమయ్యేదాకా నిద్రపుచ్చే కాల్) ముందు మ్యూటెక్స్ వదలండి, లేచాక మళ్లీ తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: లాక్ తిరిగి దొరికాక కండిషన్ మళ్లీ చూడాలి. ఈలోపు ఇంకో ప్రాసెస్ బఫర్ ఖాళీ చేసి ఉండొచ్చు. ఇఫ్ చాలదు, వైల్ లూప్ కావాలి. సిగ్నల్ వచ్చి లేస్తే లాక్ తీసుకోకుండానే ఎర్రర్‌తో బయటికి రండి.

3. పాత లాక్‌ని ఒకే ప్రాసెస్ ఎన్నిసార్లు పట్టుకున్నా పర్వాలేకపోయేది. మ్యూటెక్స్ రెండోసారికే డెడ్‌లాక్, అంటే ప్రాసెస్ తన కోసం తానే ఆగిపోతుంది. ఐఆక్టల్ నుంచి పిలిచే హెల్పర్ ఫంక్షన్లలో లాక్, అన్‌లాక్ లైన్లు తీసేయండి.

4. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే నడిచే, నిద్రపోకూడని కోడ్) ముట్టుకునే డేటాకి మ్యూటెక్స్ పనికిరాదు, స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఆగే తాళం) వాడండి.

లైనక్స్ 2.6.39లో, అంటే 2011లో, ఆ బిగ్ కెర్నెల్ లాక్‌నే పూర్తిగా తీసేశారు కాబట్టి పాత కోడ్‌కి వెనక్కి వెళ్లే దారి లేదు. కాన్ఫిగ్_ప్రూవ్_లాకింగ్ (లాక్ తప్పులు పట్టే కెర్నెల్ ఆప్షన్) ఆన్ చేసి బిల్డ్ చేయండి. పైన 3లో చెప్పిన తప్పు మిగిలితే కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో అది ఏ ఫంక్షన్‌లో ఉందో కనిపిస్తుంది.