పాలరాతి తులసికోటకు యాసిడ్ వద్దు

ప్రశ్న: మా పెరటిలోని పాలరాతి తులసికోట నల్లబడితే మేస్త్రీ యాసిడ్‌తో కడిగారు. మెరుపు పోయి గరుకుగా మారింది. దీపం నూనె మరకలు పోలేదు, ఒక అంచు పెచ్చు కూడా ఊడింది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బనేట్ కావడం వల్ల యాసిడ్ పడగానే నురగలు కక్కుతూ పైపొర కరిగిపోతుంది; మీ చేతికి తగులుతున్న గరుకుదనం మురికి కాదు, రాయి తరిగిన గుర్తు. దానికి మళ్లీ పాలిష్ పట్టించడమే దారి. నిమ్మరసం, చింతపండు చేసేదీ అదే కనుక ఇత్తడి కుందులను కోట గట్టుమీద తోమకండి. పాచిని మంచినీటితో తడిపి మెత్తని నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలు.

నూనె మరకకు ముల్తానీ మట్టిని, నూనెను కరిగించే ద్రవమైన అసిటోన్‌తో ముద్దచేసి, అర సెంటీమీటరు మందాన పట్టించి, ప్లాస్టిక్ షీటు కప్పి 24 గంటలు ఉంచాక, షీటు తీసి పూర్తిగా ఆరనిచ్చి, చెక్కముక్కతో గీకి తీయాలి. అసిటోన్ సులభంగా అంటుకుంటుంది. అంతవరకు దీపాన్ని ఇంట్లోనే వెలిగించండి. తాజ్‌మహల్ పసుపుదనం తగ్గించడానికి పురావస్తు శాఖ పూసేదీ ముల్తానీ మట్టే.

ఊడిన పెచ్చు దాచి ఉంటే ఎపాక్సీ జిగురుతో అతికించవచ్చు. ఆ జిగురు ఎండకు పసుపెక్కుతుంది కాబట్టి అంచుల బయటికి రాకుండా పలుచగా పూయాలి.