పాఠకుల ప్రశ్నలు: డేటాబేస్ ఇచ్చిన మాటను ఎలా నిలబెట్టుకుంటుంది?

ప్రశ్న: డిగ్రీలో డేటాబేస్ సబ్జెక్టు చదివాను. టేబుళ్లు తయారు చేయడం, జాయిన్లు రాయడం, నార్మల్ ఫారాలు బాగానే వచ్చు. ఇప్పుడు పీజీలో అడ్వాన్స్‌డ్ డేటాబేస్ సిస్టమ్స్ చదువుతున్నాను. నెల గడిచినా ఒక్క క్వెరీ రాయించలేదు. బఫర్ పూల్, బీ ప్లస్ ట్రీ, లాగ్ అంటూ చెబుతున్నారు. ఇది అసలు డేటాబేస్ పాఠమేనా? ఎలా చదివితే పట్టుబడుతుంది?

జవాబు: ఇది డేటాబేస్ పాఠమే. డిగ్రీలో మీరు దాన్ని వాడుకునేవారి వైపు నుంచి చూశారు, ఇప్పుడు కట్టేవారి వైపుకు వచ్చారు. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు, డేటా యంత్రంలో ఏ అమరికలో ఉందో వాడుకునేవారు తెలుసుకోవలసిన అవసరం ఉండకూడదన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. ఆ ఆలోచన నెగ్గింది కాబట్టే మీరు డిస్క్ మాట ఎత్తకుండా సెలెక్ట్ రాయగలిగారు. అయితే వాడుకునేవారి నెత్తి మీద నుంచి దించిన బరువును మరెవరో మోయాలి కదా. ఆ దశాబ్దపు తొలి సగంలో మొదలైన ఐబీఎం సిస్టమ్ ఆర్, బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ఇంగ్రెస్ అనే రెండు ప్రాజెక్టులు ఆ బరువును ఎత్తుకున్నాయి. మీ సిలబస్‌లోని అంశాలు చాలావరకు వాటిలోనో, వాటి తర్వాత వచ్చిన వ్యవస్థల్లోనో రూపు దిద్దుకున్నవే.

అందువల్ల ప్రతి అధ్యాయాన్ని ఒక ప్రశ్నతో తెరవమంటాను: ఇక్కడ డేటాబేస్ ఏ మాట ఇస్తోంది, ఆ మాటను తప్పించగలిగేది ఏది? ఇండెక్స్, అంటే కావలసిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక, ఇచ్చే మాట వేగం. బీ ప్లస్ ట్రీ అలాంటి సూచికే. దానికి అడ్డం డిస్క్. ఈ ఒక్కదాన్ని కాగితం మీద లెక్క కట్టి చూడండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వ్యవస్థలో ఒక పేజీ, అంటే డిస్క్ నుంచి ఒక్కసారిగా తెచ్చే ముక్క, 8 కిలోబైట్లు. కీకి, అంటే వెతికే విలువకు, 8 బైట్లు, కింది పేజీ చిరునామాకు 8 బైట్లు అనుకుంటే పేజీకి 512 పడతాయి. హెడర్లకూ ఖాళీ జాగాకూ ధారాళంగా వదిలేసి 300 అనుకుందాం. మూడు అంతస్తుల చెట్టులో 300ను మూడుసార్లు హెచ్చవేస్తే 2 కోట్ల 70 లక్షల కీలు. పై రెండు అంతస్తులకు కావలసినవి 301 పేజీలే, అంటే సుమారు రెండున్నర మెగాబైట్లు. అవి సాధారణంగా మెమరీలోనే నిలిచి ఉంటాయి. కాబట్టి అన్ని కోట్ల కీలలో ఒకదాన్ని వెతకడానికి డిస్క్ నుంచి తేవలసింది ఒక్క ఆకు పేజీ, ఆపైన ఆ వరుస ఉన్న పేజీ. అదే కీలను మామూలు బైనరీ ట్రీలో పెడితే దాదాపు 25 అంతస్తులు దిగాలి. బేయర్, మెక్‌క్రెయిట్ 1972లో ప్రచురించిన బీ ట్రీ ఇప్పటికీ ఎందుకు చెక్కుచెదరలేదో ఈ లెక్క చేత్తో వేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. విభజన, విలీనం ఆల్గారిథమ్‌లను బట్టీ పట్టేముందు ఈ లెక్క వేయని విద్యార్థులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఒక క్వెరీకి ఇంకో షరతు చేర్చాం. ఫలితం తగ్గింది కాబట్టి వేగం పెరగాలి. కానీ ముందుకంటే చాలా నెమ్మదించింది. కావలసిన ఇండెక్స్‌లన్నీ ఉన్నాయి. ఆప్టిమైజర్‌లో లోపం ఉందా?

జవాబు: మీ క్వెరీని చూడకుండా తీర్పు చెప్పలేను గానీ, ఈ లక్షణాలకు తరచుగా కనిపించే కారణం ఒకటుంది. ఆప్టిమైజర్, అంటే క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం, మీ డేటాను చదివి ప్రణాళిక వేయదు. డేటా గురించి దాచుకున్న గణాంకాలను చూసి అంచనా వేస్తుంది. ఈ పద్ధతికి బాట వేసినది సిస్టమ్ ఆర్ బృందానికి చెందిన ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో రాసిన పరిశోధన పత్రం. గణాంకాలు లేనిచోట సమానత్వ షరతుకు పదో వంతు వరుసలు, 'కంటే ఎక్కువ' అనే షరతుకు మూడో వంతు వరుసలు మిగులుతాయని వారు నేరుగా అనుకున్నారు. ఆ అంకెలు ఎంత ధైర్యంగా ఉన్నాయో చూడండి. ఏదో ఒక అంచనా లేకుండా ప్రణాళికలను పోల్చడమే కుదరదు కాబట్టి ఆ ధైర్యం చేయక తప్పలేదు.

ఇప్పుడు వాహనాల టేబుల్‌లో 10 లక్షల వరుసలు ఉన్నాయనుకుందాం. ఒక కంపెనీ వాటా ఇరవయ్యో వంతు, అదే కంపెనీ తయారుచేసే ఒక మోడల్ వాటా నూరో వంతు. మోడల్ షరతు ఒక్కటే రాస్తే 10,000 వరుసలని ఆప్టిమైజర్ సరిగ్గానే అంచనా వేస్తుంది. దానికి కంపెనీ షరతు కూడా చేర్చగానే, రెండింటికీ సంబంధం లేదనుకుని భిన్నాలను హెచ్చవేసి 500 వరుసలే వస్తాయని నమ్ముతుంది. ఆ మోడల్ ఆ కంపెనీదే కాబట్టి వచ్చేవి అదే 10,000. ఐదువందలే కదా అని ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో వెతికే నెస్టెడ్ లూప్‌ను ఎంచుకుంటే, అనుకున్నదానికి ఇరవై రెట్లు పని మీద పడుతుంది. ఇలాంటి జాయిన్లు రెండు మూడు వరుసగా ఉంటే తప్పు మీద తప్పు పేరుకుపోతుంది.

క్వెరీని నడిపి దాని ప్రణాళికను చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఆదేశాన్ని వాడి, ప్రతి మెట్టు దగ్గరా అంచనా వరుసలనూ అసలు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కింది నుంచి పైకి వెళ్తూ, రెండూ మొదటిసారి బాగా విడిపోయిన చోట ఆగితే జబ్బు అక్కడే ఉంటుంది. చాలామంది పొరబడే విషయం ఒకటి: పోస్ట్‌గ్రెస్ చూపే అసలు వరుసల సంఖ్య ఒక్కో లూప్‌కు సగటు, మొత్తం కావాలంటే లూప్‌ల సంఖ్యతో హెచ్చవేయాలి. రెండు నిలువు వరుసల మధ్య సంబంధమే కారణమని తేలితే, 2017లో విడుదలైన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ అనే ఆదేశంతో ఆ సంబంధాన్ని దానికి తెలియజేయవచ్చు. ఆ తర్వాత గణాంకాలను సేకరించే ఎనలైజ్ ఆదేశం నడపడం మరచిపోకండి. క్వెరీని అటూ ఇటూ తిప్పి రాసి అదృష్టం పరీక్షించుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

ప్రశ్న: అంతా ట్రాన్సాక్షన్‌లోనే రాసినా డేటా తప్పుగా మారిందని మా సీనియర్ అంటున్నారు. ట్రాన్సాక్షన్‌లో పెట్టాక అదెలా సాధ్యం?

జవాబు: సాధ్యమే. ట్రాన్సాక్షన్ అంటే జరిగితే మొత్తం జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట. అలాంటివి రెండు ఒకేసారి నడిస్తే ఏమవుతుందో మీ చేతులతో మీరే చేసి చూడవచ్చు. పంపులు అనే టేబుల్‌లో రెండు వరుసలు పెట్టి, రెండూ నడుస్తున్నాయని రాయండి. ఏ సమయంలోనైనా కనీసం ఒకటి నడవాలన్నది నియమం. రెండు టెర్మినళ్లు తెరిచి, రెండింటిలోనూ రిపీటబుల్ రీడ్ అనే ఐసొలేషన్ స్థాయిలో (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఒకదాని నుంచి ఒకటి ఎంతవరకు వేరుగా ఉంచాలో చెప్పేది) ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, నడుస్తున్న పంపులు ఎన్నని అడగండి. రెండు చోట్లా 2 అనే వస్తుంది. ఇంకొకటి నడుస్తోంది కదా అన్న భరోసాతో మొదటి టెర్మినల్‌లో మొదటి పంపును, రెండో టెర్మినల్‌లో రెండో పంపును ఆపి, రెండింటినీ కమిట్, అంటే ఖాయం, చేయండి. పోస్ట్‌గ్రెస్ ఏ అభ్యంతరమూ చెప్పదు. రెండు పంపులూ ఆగిపోయి ఉంటాయి. ఒకే వరుసను ఇద్దరూ మార్చి ఉంటే అది పట్టుకునేది. ఇక్కడ ఎవరి వరుస వారు మార్చారు, కానీ ఎదుటివారు మార్చబోయే వరుసను నమ్ముకుని నిర్ణయం తీసుకున్నారు. దీనినే రైట్ స్క్యూ (write skew) అంటారు.

1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఐసొలేషన్ స్థాయిలను నిర్వచించిన తీరు ఇలాంటి వాటికి చాలదని జిమ్ గ్రే తదితరులు 1995లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. పైన మీరు చేసిన ప్రయోగం సరిగ్గా ఆ పత్రం పేరు పెట్టిన స్నాప్‌షాట్ ఐసొలేషన్ (ప్రతి ట్రాన్సాక్షన్‌కూ అది మొదలైనప్పటి డేటానే చూపే పద్ధతి) లక్షణమే. స్నాప్‌షాట్ పద్ధతిలోని వేగాన్ని చాలావరకు వదులుకోకుండా ఈ దోషాన్ని పట్టే పద్ధతిని కేహిల్, రోమ్, ఫెకెటె 2008లో ప్రతిపాదించగా, 2011లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.1లో అది సీరియలైజబుల్ స్థాయిగా (ట్రాన్సాక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం రావాలన్న స్థాయి) చేరింది. అదే ప్రయోగాన్ని ఈసారి సీరియలైజబుల్‌లో చేస్తే రెండింటిలో ఒకటి 40001 అనే దోష సంకేతంతో తిరస్కారానికి గురవుతుంది. తిరస్కరించినప్పుడు ట్రాన్సాక్షన్ మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ నడిపే బాధ్యత మీ ప్రోగ్రామ్‌దే. ఆ భాగం రాయకుండా స్థాయిని మాత్రం పెంచినవారు వాడుకరులకు కొత్త దోషాలను చూపిస్తారు. పోస్ట్‌గ్రెస్‌లో మీరేమీ చెప్పకపోతే వచ్చేది రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో రిపీటబుల్ రీడ్. మీ సీనియర్‌ను ఏ స్థాయిలో నడిపారని అడగండి.

ప్రశ్న: సొంతంగా చిన్న డేటాబేస్ రాస్తే ఉపయోగం ఉంటుందా, లేక పరిశోధన పత్రాలు చదవడం మేలా?

జవాబు: రెండూ చేయండి, కానీ రాయడంతో మొదలుపెట్టండి. డిస్క్ ఫైలు, దాని మీద బఫర్ పూల్ (డిస్క్ పేజీలను మెమరీలో ఉంచుకునే చోటు), ఆపైన ముందుగా రాసే లాగ్ (మార్పులను డేటా పేజీల కంటే ముందే నమోదు చేసే ఫైలు), ఇంతవరకు వచ్చినా చాలు. ఆ తర్వాత మోహన్ తదితరులు 1992లో ప్రచురించిన ఏరీస్ పత్రాన్ని తెరిస్తే, క్రాష్ తర్వాత ముందు విశ్లేషణ, తర్వాత జరిగినదంతా తిరిగి చేయడం, చివరికి పూర్తికాని ట్రాన్సాక్షన్లను రద్దు చేయడం అన్న వరుస ఎందుకు అలాగే ఉండాలో మీకు మీరే వాదించుకోగలుగుతారు.

చదువుకునే రోజుల్లో నేను రాసిన లాగ్‌లో జరిగిన పొరపాటు ఒకటి మీకు ఉపయోగపడవచ్చు. కమిట్ అయ్యాక ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపి, మళ్లీ లేపి, డేటా భద్రంగా ఉందని వందసార్లు పరీక్షించి సంతోషించాను. కానీ రాసినదాన్ని డిస్క్‌కు చేర్చమని చెప్పే ఎఫ్‌సింక్ (fsync) నేను పిలవనే లేదు. ఫైలులో రాయమనే రైట్ (write) పిలిచినంతలో బైట్లు చేరేది ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోకే. ప్రోగ్రామ్ చచ్చినా ఆ మెమరీ బతికే ఉంటుంది కాబట్టి పరీక్ష ప్రతిసారీ నెగ్గింది. ఒకరోజు కరెంటు పోయాక చూస్తే, కమిట్ అయిందని నేను చెప్పిన చివరి ట్రాన్సాక్షన్లు లాగ్‌లో లేవు. మీరు రాసేటప్పుడు వర్చువల్ మెషీన్‌లో నడిపి, ప్రోగ్రామ్‌ను కాకుండా ఆ మెషీన్‌నే ఉన్నపళంగా ఆపేసి పరీక్షించండి.