అమ్మాయి విదేశాల్లో జియాలజీ చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగా వస్తాయి. ఇన్నాళ్లూ కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం. ఇప్పుడు విదేశాల్లో ఎర్త్ సైన్సెస్‌లో డిగ్రీ చేస్తానని పట్టుబట్టింది. జియాలజీ అంటుంది, ఒక్కోసారి క్లైమేట్ కోర్సు అంటుంది. మా బంధువుల్లో ఈ చదువు చదివినవాళ్లు ఒక్కరూ లేరు. ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్లను కొండల్లో, ఎడారుల్లో తిప్పే చదువంటున్నారు, నిజమేనా? అంత డబ్బు పెట్టేటప్పుడు కంప్యూటర్స్‌కే పంపితే మేలు కదా? బ్రిటన్, జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: మీరు ఆఖర్లో అడిగిన ప్రశ్నకు నేనూ ఆఖర్లోనే వస్తాను. వీటన్నిటిలోకీ తేలికైన ప్రశ్న అదే. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది కానీ ‘మా బంధువుల్లో ఎవరూ చదవలేదు’ అన్న మాట మారదు. మీ టెన్షనంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. తెలిసిన దారిలో పిల్ల తడబడితే సలహా చెప్పడానికి నలుగురు ఉంటారు. తెలియని దారిలో ఎవర్ని అడగాలో కూడా తెలియదు. ఆ భయం సహజం. ఆ చదువులో రోజూ ఏం చేస్తారో కాస్త దగ్గరగా చూస్తే అందులో సగం తగ్గుతుంది.

ఒక ల్యాబ్ క్లాసు సంగతి చెబుతాను. లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లటి బసాల్ట్ రాయిని పలుచగా కోసి, గాజు పలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అంత పలుచనయ్యాక ఆ నల్లరాయిలోంచి వెలుతురు వస్తుంది. దాన్ని పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టి మెల్లగా తిప్పుతుంటే ఆలివిన్ అనే ఖనిజం నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వెలిగి ఆరిపోతుంటుంది. పక్కనే ప్లాజియోక్లేజ్ అనే ఇంకో ఖనిజం నలుపు తెలుపు చారలతో కనిపిస్తుంది. ఏ స్ఫటికం ముందు గట్టిపడింది, ఏది దాని చుట్టూ పెరిగింది అని చూసి ఆ లావా ఎలా చల్లారిందో చెప్పాలి. ఇది రెండో ఏడాదికల్లా చేతికి రావాల్సిన పని.

ఫీల్డ్ వర్క్ ఇంకో సగం. చేతిలో సుత్తి, మెడలో పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, వాలును కొలిచే క్లైనోమీటర్ ఉన్న దిక్సూచి, నోటు పుస్తకం. రాతి పొర ఏ దిక్కుగా సాగుతోంది, ఎన్ని డిగ్రీల వాలుతో నేలలోకి దిగుతోంది అని కొలిచి మ్యాపులో గుర్తు పెట్టాలి. ఇలా వందల కొలతలు తీస్తారు. ఒక చోట పొరలు ఉన్నట్టుండి తెగిపోయి ఇంకెక్కడో మొదలైతే మధ్యలో భ్రంశం, అంటే పొరలు విరిగి పక్కకు జరిగిన చోటు, ఉందేమోనని వెనక్కి నడిచి వెతకాలి. వాన పడుతున్నా, కాళ్లు నొప్పెడుతున్నా ఆ రోజు నోటు పుస్తకం ఆ రోజే పూర్తి చేయాలి. మీ అమ్మాయికి ఇది చదువుతుంటే హుషారు వస్తుందా, నీరసం వస్తుందా? ర్యాంకింగ్ పట్టికలు చూడకముందు తేల్చుకోవాల్సింది ఇదే.

రాళ్ల చదువులో లెక్కలుండవనుకుంటే పొరపాటు. 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంప తరంగాలు రాకూడని చోట నమోదయ్యాయి. డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమన్ అనే ఆవిడ వాటిని లెక్కగట్టి, భూమి మధ్యన ద్రవరూపంలో ఉన్న కోర్ (భూమి గర్భం)లో ఇంకో గోళం ఉందని 1936లో చెప్పారు. జియోఫిజిక్స్ అంటే ఇప్పటికీ ఆ పనే. ఫిజిక్స్, క్యాలిక్యులస్ కావాలి, ఈ రోజుల్లో పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా రావాలి. కంప్యూటర్స్ వదిలేస్తోందని మీరు బాధపడుతున్నారు గానీ, ఈ దారిలో అదీ నేర్చుకోక తప్పదు.

ఉద్యోగాల విషయంలో మీకు తీపి మాటలు చెప్పను. సొరంగం తవ్వాలన్నా, డ్యాముకు పునాది వేయాలన్నా, భూగర్భ జలం ఎంతుందో లెక్కగట్టాలన్నా, రాగి, లిథియం నిక్షేపాలు వెతకాలన్నా జియాలజిస్టు కావాల్సిందే. భూకంపాలు, వరదల ముప్పు అంచనా వేసే బీమా కంపెనీలూ వీళ్లను తీసుకుంటాయి. కానీ చమురు, గనుల ఉద్యోగాలు ధరల వెంట పెరిగి తరుగుతుంటాయి. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ ముడిచమురు 2016 మొదట్లో ముప్పై కిందికి పడింది, ప్రపంచమంతా జియాలజిస్టుల ఉద్యోగాలు పోయాయి. అంతకు ముందు ఇవే కోర్సులు చదివినవాళ్లను కంపెనీలు క్యాంపస్‌కొచ్చి మరీ తీసుకున్నాయి. అందుకే పెట్రోలియం ఒక్కటే నేర్పే డిగ్రీని పద్దెనిమిదేళ్లకే పట్టుకోవద్దంటాను. పునాది వెడల్పుగా ఉంటే, చమురులో పని లేనప్పుడు నీటిలోకో నిర్మాణ రంగంలోకో మారవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్న విషయానికి వస్తాను. మీ అమ్మాయి ‘ఒక్కోసారి క్లైమేట్ కోర్సు అంటుంది’ అని రాశారు. క్లైమేట్, సస్టైనబిలిటీ, ప్లానెట్ అన్న పేర్లతో డిగ్రీలు విపరీతంగా పెరిగాయి. పిల్లల మనసు మంచిది. భూమికి ఏదో అవుతోందని, తాము ఏదైనా చేయాలని నిజంగానే అనుకుంటారు. బ్రోచర్లో మంచుకొండ బొమ్మ చూసి అదే ఆ పని అనుకుంటారు. కానీ ఆ డిగ్రీల్లో కొన్నిటి సిలబస్ తెరిచి చూస్తే విధానాలు, నివేదికలు, కమ్యూనికేషన్, కాస్త ఎకనామిక్స్, పైపైన సైన్స్ కనిపిస్తాయి. మూడేళ్ల తర్వాత వాతావరణాన్ని కంప్యూటర్ లెక్కలతో అంచనా వేసే మోడల్ రాయడానికి లెక్కలు చాలవు, రాయి చదవడానికి జియాలజీ చాలదు.

మరి వాతావరణం మీద పని చేస్తున్నదెవరు? ఐస్‌ల్యాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు ఉంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలో కరిగించి బసాల్ట్ పొరల్లోకి పంపుతారు. దానిలో ఎక్కువ భాగం రెండేళ్లలోపే ఖనిజంగా మారి రాతిలో ఉండిపోయిందని తేలింది. నార్వే దగ్గర సముద్రంలో స్లైప్నర్ అనే చోట 1996 నుంచి అదే వాయువును ఇసుకరాతి పొరలోకి పంపుతూ, అది ఎక్కడికి పాకుతోందో నేలలోకి తరంగాలు పంపి చేసే సీస్మిక్ సర్వేలతో చూస్తున్నారు. అంటే ఈ పని చేస్తున్నది బసాల్ట్‌ను మైక్రోస్కోప్ కింద చూసినవాళ్లు, తరంగాలను లెక్కగట్టేవాళ్లే. వాతావరణ మోడళ్లకు 2021లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న స్యుకురో మనాబే మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) చదువుకున్నారు, క్లాస్ హాసెల్‌మన్ ఫిజిక్స్ చదువుకున్నారు. మీ అమ్మాయికి వాతావరణం మీద అంత పట్టుదల ఉంటే జియాలజీ, జియోఫిజిక్స్, మెటియరాలజీ, ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) లాంటి గట్టి సబ్జెక్టు ఒకటి పట్టుకోమనండి. క్లైమేట్ అన్న పేరు మాస్టర్స్‌లో పెట్టుకోవచ్చు. ఈ కోర్సులన్నీ చెడ్డవని నేననను. మొదటి రెండేళ్లలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ నిజంగా ఉన్నాయో లేదో పేపరు పేపరు చూడకుండా మాత్రం డబ్బు కట్టవద్దు.

నా రెండో అనుమానం డిగ్రీకే విదేశం ఎందుకన్నది. ఇక్కడ బీఎస్సీ చేసి మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లకు ఖర్చు తక్కువ, వయసూ కాస్త ముదురుతుంది, స్కాలర్‌షిప్‌లూ పీహెచ్‌డీ ఫండింగూ పైచదువుకే ఎక్కువ. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. తిరిగొచ్చి కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాలంటే యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి, దానికి మాస్టర్స్ తప్పనిసరి. మూడేళ్ల విదేశీ డిగ్రీ పట్టుకుని వస్తే ఇక్కడ మళ్లీ చదవాల్సిందే. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి పంపాలనుకుంటే డిగ్రీకి వద్దనే చెబుతాను.

అప్పు చేయకుండా పంపగలిగితే మాత్రం లాభాలు తక్కువేమీ కాదు. మంచి డిపార్ట్‌మెంట్లలో మొదటి ఏడాది నుంచే ఫీల్డ్‌కు తీసుకెళ్తారు. మూడు నాలుగేళ్లలో అలవడిన ఆ చూపు ఏడాది మాస్టర్స్‌లో రాదు. ఆ దేశంలోనే పని చేయాలనుకుంటే అక్కడి గుర్తింపుకు తగిన పేపర్లు డిగ్రీలోనే అయిపోతాయి. కెనడాలో పీ.జియో. (ప్రొఫెషనల్ జియోసైంటిస్ట్) లైసెన్స్ ఉంది, అమెరికాలో చాలా రాష్ట్రాలు లైసెన్స్ అడుగుతాయి, బ్రిటన్‌లో జియలాజికల్ సొసైటీ చార్టర్డ్ హోదా ఇస్తుంది.

ఇక ‘ఆడపిల్లను కొండల్లో తిప్పే చదువు’ అన్న మాట. కోపం తెచ్చుకోకండి, ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగానే అడుగుతాను. ఇదే కోర్సు మీ అబ్బాయి అడిగి ఉంటే ఈ వాక్యం రాసేవారా? రాయనప్పుడు అది చదువు మీద అనుమానం కాదు. సుదీప్తా సేన్‌గుప్తా అనే జియాలజిస్ట్ జాదవ్‌పూర్‌లో పీహెచ్‌డీ చేసి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో పరిశోధన చేసి, పర్వతారోహణ నేర్చుకుని, 1983లో బయల్దేరిన భారత యాత్రలో అదితి పంత్‌తో కలిసి అంటార్కిటికాలో అడుగుపెట్టారు. మన దేశపు అంటార్కిటికా యాత్రల్లో పాల్గొన్న మొదటి మహిళలు వాళ్లిద్దరే. అది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఇంకా మనం పిల్లను వాకిలి దాటించడానికే వెనకాడుతున్నాం. భద్రత గురించి అడగవద్దనడం లేదు, అడగాల్సిన చోట అడగమంటున్నాను. ఫీల్డ్‌కు ఎంతమంది కలిసి వెళ్తారు, సిగ్నల్ లేని చోట ఏం చేస్తారు, ప్రథమ చికిత్స ఎవరికి వచ్చు, ఆడపిల్లలకు వసతి ఎలా ఉంటుంది? ఏ మంచి డిపార్ట్‌మెంట్ అయినా వీటికి రాతపూర్వకంగా జవాబిస్తుంది. ధ్రువ ఎలుగుబంట్లు తిరిగే నార్వే ఉత్తర దీవులు స్వాల్‌బార్డ్‌లోని యూనివర్సిటీ సెంటర్‌లో అయితే ఫీల్డ్‌కు వెళ్లేముందు విద్యార్థులకు ప్రత్యేకంగా భద్రతా శిక్షణే ఇస్తారు.

ఇప్పుడు దేశాలు. బ్రిటన్‌లో బీఎస్సీ మూడేళ్లు, మాస్టర్స్ కలిపి తీసుకుంటే నాలుగు. ఆక్స్‌ఫర్డ్ ఎర్త్ సైన్సెస్ నాలుగేళ్లది. కేంబ్రిడ్జ్‌లో నేరుగా ఈ సబ్జెక్టుకు చేరరు, నేచురల్ సైన్సెస్‌లో చేరి ఎంచుకుంటారు. మనసు ఇంకా ఊగుతున్న పిల్లలకు అది మంచిది. ఇంటర్ మార్కులతో నేరుగా తీసుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి, డిగ్రీకి ముందు ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు చేయమనేవీ ఉన్నాయి. చదువయ్యాక ఉండనిచ్చే గడువును 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలు చేశారు. మీ లెక్కలో అది వేసుకోండి.

జర్మనీలో ఫీజు లేదని అందరూ చెబుతారు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కు 1500 యూరోలు ఉంది, మిగతా చాలా చోట్ల నామమాత్రమే. అసలు గడప భాష. అక్కడ డిగ్రీ స్థాయిలో జియోసైన్సెస్ ఎక్కువగా జర్మన్‌లోనే చెబుతారు, దానికి సీ1 అనే పైస్థాయి దరిదాపుల్లో భాష రావాలి. ఇంటర్ ఒక్కదానితో నేరుగా చేరడమూ కష్టమే. ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ చదివిన, 1765 నాటి ఫ్రైబర్గ్ గనుల విద్యాలయం ఉన్న దేశం కాబట్టి చదువుకు లోటుండదు. రెండేళ్లు ఓపిగ్గా భాష నేర్చుకుంటానంటేనే అటు చూడండి.

అమెరికాలో నాలుగేళ్లు, ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ. సబ్జెక్టు మార్చుకునే స్వేచ్ఛ మాత్రం అక్కడే ఎక్కువ. చాలా చోట్ల వేసవిలో కొన్ని వారాలు సాగే ఫీల్డ్ క్యాంప్ ఉంటుంది, దాని ఖర్చు తరచూ విడిగా పడుతుంది. అక్కడి జియలాజికల్ సర్వే లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే ఇస్తారు.

ఆస్ట్రేలియాలో మూడేళ్ల డిగ్రీ పైన ఒక ఏడాది ఆనర్స్. గనుల ఉద్యోగాలకు పశ్చిమ ఆస్ట్రేలియా పెట్టింది పేరు. పిల్బారా ఇనుప గనులకు విమానంలో వెళ్లి, కొన్ని రోజులు వరుసగా పని చేసి, మళ్లీ విమానంలో ఇంటికి రావడం అక్కడి పద్ధతి. ఎండలో నిలబడి, డ్రిల్లు తీసిన రాతి కడ్డీలను ట్రేల్లో పేర్చి మీటరు మీటరుకూ రాసుకోవడం కొత్తగా చేరినవాళ్ల పని. ఇది మీ అమ్మాయికి ముందే చెప్పండి.

నన్నే తేల్చమంటే, గనుల మీద ఇష్టముంటే ఆస్ట్రేలియా, మనసు ఇంకా కుదరకపోతే బ్రిటన్, డబ్బు దగ్గర ఇబ్బంది ఉంటే ఇక్కడే బీఎస్సీ చేసి మాస్టర్స్‌కు జర్మనీ. ఐఈఎల్‌టీఎస్, శాట్ లాంటి ప్రవేశ పరీక్షల వివరాలు రాయడం లేదు, అవి మీ అమ్మాయికి ఈపాటికే తెలిసుంటాయి.

ఈ వారం ఒక పని చేయండి. అమ్మాయి ఎంచుకున్న మూడు డిపార్ట్‌మెంట్లకు తననే ఈమెయిల్ రాయమనండి. డిగ్రీ మొత్తంలో ఫీల్డ్‌లో ఎన్ని రోజులు గడుపుతారు, ఆ ఖర్చు ఎవరిది, పోయిన ఏడాది పాసైనవాళ్లు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు అని అడగమనండి. మీరు పక్కన కూర్చోండి, రాయడం తనకే వదిలేయండి. ఆ జవాబులు వచ్చాక నాకు పంపండి, కూర్చుని చూద్దాం. ఈసారి ఉత్తరం అమ్మాయి చేత కూడా రాయించండి.