కోసింది తెలుపవుతుందా, నలుపవుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: బొమ్మలో ముదురు, లేత ఎలా పొసగాలి అని. అందుకే ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో జపాన్ ‘నోటాన్’ (నలుపు-తెలుపుల పొందిక) కత్తిరింపు చేయించాను. 15 సెం.మీ. నల్ల చతురస్రం అంచుల్లో ఆకారాలు కోసి, బయటికి తిప్పి తెల్ల ఏ4 కాగితం మీద అంటించాలి. కొందరి ముక్కలు కాగితం దాటిపోయాయి. కొందరివి తిప్పాక తెల్లగా కనిపించాయి. తప్పెక్కడ?
– డ్రాయింగ్ మాస్టారు, విజయనగరం

జవాబు: తప్పు పిల్లలది కాదు మాస్టారూ, ఇచ్చిన కాగితానిది. ఏ4 వెడల్పు 21 సెం.మీ. మధ్యలో 15 సెం.మీ. చతురస్రం పెడితే పక్కకి మిగిలేది 3 సెం.మీ. మాత్రమే. 12 సెం.మీ. చతురస్రం ఇచ్చి, కోత లోతు 4 సెం.మీ. మించకుండా చూడండి. ఎదురెదురు కోతల మధ్య 4 సెం.మీ. నలుపు తెగకుండా నిలుస్తుంది, తిప్పిన ముక్క అవతల అర సెంటీమీటరు తెలుపు మిగులుతుంది.

రంగు ఒకవైపే ఉన్న కాగితాన్ని తిప్పితే వెనకున్న తెలుపు పైకొస్తుంది. రెండువైపులా నల్లగా ఉన్న చార్టు కొనండి.

కోత మొదలైన చోటు, ముగిసిన చోటు ఒకే అంచు మీద ఉండాలి. ఆ రెండు బిందువులూ తలుపు బందుల్లాంటివి. ముక్కని రెక్క తెరిచినట్టు తిప్పి సరిగ్గా అక్కడే ఆనించాలి. రెండు మిల్లీమీటర్లు జరిగినా లోపలి తెలుపుకీ బయటి నలుపుకీ జత తెగిపోతుంది. మూలల దగ్గర 1 సెం.మీ. కోయకుండా వదలండి, ఆ మూలలే కంటికి చతురస్రాన్ని గుర్తుచేస్తాయి. పలచని జిగురు రాస్తే కాగితం ఉబ్బుతుంది, గ్లూ స్టిక్ వాడండి. ఒక్క ముక్క కూడా చెత్తబుట్టలోకి పోకూడదు.

జపాన్ భాషలో ‘నో’ అంటే చిక్కన, ‘టాన్’ అంటే పలచన. 1899లో అమెరికా కళాబోధకుడు ఆర్థర్ వెస్లీ డౌ తన పాఠ్యపుస్తకంలో గీత, రంగులతో పాటు నోటాన్‌నీ డిజైన్‌కి మూలంగా పెట్టాడు. నలుపు, తెలుపు కొలిచినట్టు సగం సగం ఉండాలని మాత్రం పిల్లలకి చెప్పకండి. తెలుపు కూడా ఒక ఆకారంగా కనిపిస్తే చాలు.

ప్రశ్న: జపాన్ స్టెన్సిల్ ఫొటో చూసి ప్లాస్టిక్ షీటు కోసి, ఖద్దరు మీద నీలం అద్దాను. కిమోనో మీద నీలంలో తెల్లపూలు ఉంటే, నాకు తెలుపు మీద నీలం పూలు, అదీ మొద్దుగా వచ్చాయి. పువ్వు మధ్య బొట్టు ఊడిపోయింది.
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: మీరు బాగానే కోశారమ్మా. తేడా అంతా అద్దకంలో ఉంది. జపాన్ మియే ప్రాంతంలో చేసే ఇసె కతగామి స్టెన్సిల్ గుండా సాధారణంగా రంగు వేయరు. జిగురు బియ్యప్పిండి, మెత్తని తవుడు కలిపి ఉడికించిన ముద్దని అద్దుతారు. అది పట్టిన చోట రంగు ఎక్కదు. ఆరాక రంగు వేసి, ముద్దని కడిగేస్తారు. అంటే అక్కడ కోసింది తెలుపవుతుంది, మీకు కోసింది నీలమైంది. తెలుపుగా చూడాలని గీసిన పువ్వు నీలమైతే బరువుగా కనపడటం సహజం. కాబట్టి రంగే అద్దేటట్టయితే పువ్వుని వదిలి, దాని చుట్టూ ఉన్న భాగాన్ని కోయండి.

అప్పుడు పువ్వు షీటు నుంచి ఊడిపోతుంది. బొట్టు ఊడిందీ ఇందుకే. అలా ఊడకుండా కనీసం 3 మి.మీ. వెడల్పున మూడు వంతెనలు (షీటుకి కలిపి ఉంచే సన్న పట్టీలు) వదలండి. రెండే ఉంటే స్పాంజి తగిలి తిరిగిపోతుంది. వంతెనని కాడగానో ఈనెగానో గీస్తే అతుకులా ఉండదు. జపాన్ వాళ్లు పర్సిమన్ కాయల రసంతో అతికించిన కాగితం పొరల మధ్య పట్టుదారాలు వేసి, సన్న ముక్కల్ని నిలబెట్టేవారు.

అద్దేముందు ఖద్దరుని ఉతికి గంజి వదిలించండి, లేకపోతే రంగు గంజికి పట్టి ఉతుకులో పోతుంది. స్పాంజిని రంగులో ముంచి, పాతగుడ్డ మీద రెండుసార్లు ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు నిలువుగా అద్దండి. రుద్దితే రంగు షీటు కిందికి పాకుతుంది. మీ ఊరి సన్న ఖద్దరులోంచి రంగు దిగుతుంది కనుక కింద తెల్లగుడ్డ పరవండి. వార్తాపత్రిక వేస్తే దాని సిరా అంటుకోవచ్చు.

ప్రశ్న: సంక్రాంతి ముగ్గులో రంగులు నింపాక తెల్లగీతే కనపడటం లేదు.
– ఒక గృహిణి, ఆమదాలవలస

జవాబు: లేత పసుపు, లేత గులాబీ రంగులు వేరైనా చిక్కదనంలో తెలుపుకి దగ్గర. ఫోన్లో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి, ఎక్కడ కలిసిపోతున్నాయో తెలుస్తుంది. గీత పక్కన ముదురు ఊదా, ఆకుపచ్చ వేసి, పసుపుని లోపలి గడిలోకి జరపండి. లేదా గీతకీ రంగుకీ మధ్య వేలెడు నేల ఖాళీగా వదలండి. సవర గిరిజనుల బొమ్మల్లో ఎర్రమట్టి గోడ మీద తెలుపు అంత తేటగా నిలిచేది చుట్టూ నేల అలా మిగిలి ఉంటుంది కనుకే. ఇంకో మాట: తడి కళ్లాపి ముదురుగా ఉండి, ఆరాక వెలుస్తుంది. తెల్లవారుజామున సరిపోయిన గీత పదింటికి పలచగా కనిపిస్తుంది కాబట్టి, ముగ్గు మొదట్నుంచే కాస్త లావుగా లాగండి.