న్యాయ సలహా: పరిహారం ఉత్తర్వు వచ్చింది, డబ్బు రాలేదు

ప్రశ్న: నా భర్త ఒక కాంట్రాక్టరు వద్ద పనిచేస్తూ, కడుతున్న భవనం పైనుంచి పడి మరణించారు. రూ.8,00,000 పరిహారం, దానిపై 12 శాతం వడ్డీ చెల్లించాలని ఉద్యోగుల నష్టపరిహార కమిషనర్ 2023లో కాంట్రాక్టరును ఆదేశించారు. ఆయన ఇంతవరకు పైసా కట్టలేదు, అప్పీలుకూ వెళ్లలేదు. సివిల్ కోర్టులో ఈపీ వేయాలని కొందరు, లేబర్ కోర్టుకు వెళ్లాలని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైన మార్గం?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ కావు. మీరు వెళ్లవలసింది మళ్లీ ఆ కమిషనర్ దగ్గరికే. ఈపీ అనేది సివిల్ కోర్టు డిక్రీని, అంటే అది దావాలో ఇచ్చిన తీర్పు ఉత్తర్వును, అమలు చేయించుకోవడానికి వేసే పిటిషన్. కమిషనర్ ఉత్తర్వు అలాంటి డిక్రీ కాదు. పైగా 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద ఏర్పడిన బాధ్యతను అమలుపరిచే అధికారం సివిల్ కోర్టుకు లేదని ఆ చట్టంలోని 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి తెలియక ఈపీ వేసి, అది చెల్లదని కొట్టివేసేదాకా ఏళ్లు పోగొట్టుకునేవారు ఉన్నారు.

వసూలు మార్గం 31వ సెక్షన్‌లో ఉంది. చట్టం కింద ఎవరైనా చెల్లించవలసిన మొత్తాన్ని భూమి శిస్తు బకాయి మాదిరిగా కమిషనర్ వసూలు చేయించవచ్చు. అంటే మీ దరఖాస్తు మీద ఆయన బాకీ వివరాలతో జిల్లా కలెక్టరుకు లేఖ పంపుతారు. అక్కడి నుంచి రెవెన్యూ సిబ్బంది నోటీసు ఇచ్చి, అయినా కట్టకపోతే చరాస్తులను, స్థిరాస్తులను జప్తు చేసి వేలం వేస్తారు. ఆస్తి వేరే జిల్లాలో ఉంటే 1890 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం ఒక కలెక్టరు మరో కలెక్టరుకు సర్టిఫికెట్ పంపే ఏర్పాటు ఉంది కనుక, కాంట్రాక్టరు ఇల్లు ఒకచోట, పొలం మరోచోట ఉన్నాయని మీరు నిరాశపడనవసరం లేదు.

కాగితం మీద ఇది బలమైన మార్గమే గాని, ఆచరణలో ఫైలు ఎక్కువగా ఆగిపోయేది ‘ఆస్తుల వివరాలు లభించలేదు’ అనే ఒక్క వాక్యం దగ్గరే. ఆ వివరాలు వెతికిపెట్టే తీరిక రెవెన్యూ కార్యాలయానికి ఉండదనే అనుకుని, దరఖాస్తుతో పాటే మీరు వాటిని ఇవ్వండి. కాంట్రాక్టరు భూముల సర్వే నంబర్లు, రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి తీసుకున్న ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే పత్రం), వాహనాల నంబర్లు, తెలిస్తే బ్యాంకు ఖాతా, ఆయన ప్రస్తుతం చేస్తున్న పనులు, వాటిపై రావలసిన బిల్లులు, ఇలా ఎంత తెలిస్తే అంత రాయండి. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని, దరఖాస్తు ఇచ్చే నాటి వరకు వడ్డీ లెక్కను జతచేయండి. రూ.8 లక్షల మీద 12 శాతం సాధారణ వడ్డీ ఏడాదికి రూ.96,000 అవుతుంది. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2012లో సిబీ జార్జ్ కేసులోనూ అదే సూత్రాన్ని పాటించింది. అయితే వసూలు చేసేది ఉత్తర్వులో ఉన్న మేరకే కనుక, వడ్డీ ఏ తేదీ నుంచి అని అందులో రాశారో ముందుగా చదివి చూసుకోండి.

ఉత్తర్వులో ఎవరి పేర్లు ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. బీమా కంపెనీని కూడా బాధ్యులను చేసి ఉంటే మొదట దానిపైనే ఒత్తిడి తెండి. పని అప్పగించిన అసలు యజమానిపై కూడా 12వ సెక్షన్ కింద బాధ్యత మోపవచ్చు గాని, అది కేసు నడుస్తున్నప్పుడే అడగవలసిన విషయం. ఉత్తర్వులో పేరు లేని వ్యక్తి ఆస్తిని వసూలు దశలో జప్తు చేయమంటే ఎవరూ చేయరు. కాంట్రాక్టరు ఈలోగా ఆస్తులు ఇతరుల పేరిట బదిలీ చేశారని తెలిస్తే, బదిలీ అయిన స్థిరాస్తిపై పరిహారానికి మొదటి హక్కు కల్పించే 14ఏ సెక్షన్‌ను దరఖాస్తులో ప్రస్తావించండి.

అప్పీలు గురించి మీకు భయం అక్కర్లేదు. గడువు 60 రోజులు. పరిహారం ఉత్తర్వుపై యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే ఆ మొత్తాన్ని ముందుగా కమిషనర్ వద్ద డిపాజిట్ చేసినట్టు సర్టిఫికెట్ జతచేయాలి. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని కోరినా ఆ షరతు తప్పదు.

దరఖాస్తు ఇచ్చాక కదలిక లేకపోతే, లేఖ ఏ తేదీన కలెక్టరుకు వెళ్లింది, దానిపై ఏ చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ జవాబే తర్వాత హైకోర్టులో మీకు సాక్ష్యం అవుతుంది. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద వేసే రిట్‌లో కాంట్రాక్టరు చేత డబ్బు ఇప్పించమని కాక, నిర్దిష్ట గడువులోగా వసూలు పూర్తి చేయాలని కమిషనర్‌ను, కలెక్టరును ఆదేశించమని కోరాలి. ఈ తేడాను గమనించని పిటిషన్లు నిలవడం కష్టం. న్యాయవాది ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం లభిస్తుంది.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 1923 చట్టం స్థానాన్ని తీసుకుంది. మీ ఉత్తర్వు అంతకు ముందుది కాబట్టి, పాత చట్టం కింద సంక్రమించిన హక్కు ఆ మార్పుతో పోదు.

ప్రశ్న: పరిహారంలో సగం నగదుగా ఇస్తాను, మిగతాది వదులుకున్నట్టు కాగితం రాసివ్వమని మా యజమాని అంటున్నారు. మా అన్నయ్య పనిలో మరణించినందుకు వదినకు, పిల్లలకు వచ్చిన ఉత్తర్వు ఇది. రాసివ్వవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దు. మీ ఉత్తర్వు 1923 చట్టం కింద వచ్చిందైతే, మరణించిన సందర్భంలో పరిహారాన్ని కమిషనర్ వద్ద డిపాజిట్ చేయడం ద్వారానే చెల్లించాలని ఆ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. నేరుగా చేతికి ఇచ్చింది, మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సు తప్ప, చెల్లింపు కిందికి రాదు. హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. నిజంగా ఇవ్వదలిస్తే ఆ సగాన్నీ కమిషనర్ వద్ద జమచేయమనండి. మిగతా సగానికి వసూలు దరఖాస్తు అలాగే నడుస్తుంది. పాత అప్పు మినహాయించుకుంటానన్నా ఒప్పుకోవద్దు, ఎందుకంటే 9వ సెక్షన్ పరిహారాన్ని జప్తు నుంచీ, అలాంటి సర్దుబాట్ల నుంచీ కాపాడుతోంది. పిల్లలు మైనర్లయితే వారి వాటాను ఎలా మదుపు పెట్టాలో కమిషనరే నిర్ణయిస్తారు.