మెటికలు విరిస్తే కీళ్లు పాడవుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు, పది వేళ్లూ టపటపా విరుస్తాడు. 62 ఏళ్ల మా అత్తగారు వాణ్ని చూసినప్పుడల్లా కోప్పడతారు. "ఇంట్లో అందరికీ దిష్టి తీసి మెటికలు విరిచే నా చేతులిలా అయ్యాయి" అంటారు. ఈ మధ్య ఆవిడ వేళ్ల మొదళ్లు ఉబ్బాయి. పొద్దున్నే గంటసేపు కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేరు. మెటికల వల్లేనా, డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. ముందు అబ్బాయి సంగతి. చప్పుడు ఎముకది కాదు. కీలులో జిగటగా ద్రవం ఉంటుంది. వేలు లాగగానే లోపల ఒత్తిడి తగ్గి, అందులో కరిగిన వాయువు బుడగ కడుతుంది. అందుకే ఒకసారి విరిచిన వేలు దాదాపు 20 నిమిషాల దాకా మళ్లీ పలకదు. కాలిఫోర్నియాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరును వాళ్లమ్మ, పిన్నులు, తర్వాత అత్తగారు కూడా ఇలాగే భయపెట్టారు. ఆయన 50 ఏళ్లు ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచేతిని వదిలేశారు. ఏ చేతికీ కీళ్లవాతం రాలేదని 1998లో రాశారు. ఒక్కరి చేతులు చూసి తేల్చలేం కానీ, 2011లో అమెరికాలో 215 మంది చేతుల ఎక్స్‌రేలు పరిశీలించినా ఈ అలవాటుకీ కీళ్ల అరుగుదలకీ సంబంధం కనబడలేదు. నొప్పి, వాపు లేనంతవరకు అబ్బాయిని వదిలేయండి.

నా బెంగంతా మీ అత్తగారి గురించే. వయసుతో వచ్చే అరుగుదలలో సాధారణంగా వేలి చివరి కణుపుల దగ్గర గట్టి బుడిపెలు వస్తాయి, పొద్దుటి బిగుతు అరగంటలోపే సడలుతుంది. వేళ్ల మొదళ్లు మెత్తగా ఉబ్బి, గంటసేపు బిగుసుకుపోతే రుమటాయిడ్ కీళ్లవాతమేమో చూడాలి. అంటే, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్ల మీద దాడి చేసే జబ్బు. మెటికల మీదో వయసు మీదో నెపం వేసి, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుంటూ నెలలు గడిపేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఈలోగా ఎముక కొరుక్కుపోతే దాన్ని తిరిగి తేలేం. తొందరగా మందులు మొదలుపెడితే చాలామందికి చేతులు దక్కుతాయి.

ఈ వారంలోనే గుంటూరులోనో విజయవాడలోనో రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించండి. ఈఎస్ఆర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రాస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, జబ్బు ఉన్నా కొందరిలో అది పాజిటివ్ రాదు. మధ్యాహ్నానికి వాపు తగ్గిపోవచ్చు కాబట్టి, పొద్దున లేవగానే ఆవిడ రెండు చేతులకూ ఫోన్లో ఫొటోలు తీసి డాక్టరుకి చూపించండి.