ఊరి పాత శివాలయానికి, యానాదుల పాటల రికార్డింగుకి ప్రభుత్వం డబ్బులిస్తుందా?

ఇస్తుంది. కానీ ఒకే చోట అడిగితే రాదు, రెండూ వేర్వేరు శాఖలు.

ముందు గుడి సంగతి. ఆవరణలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు ఉందేమో చూడండి. ఉంటే అది 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం కింద కేంద్రానిది. ఖర్చంతా వాళ్లదే, మీరు సున్నం వేయడానికి కూడా లేదు. చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం. రాష్ట్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే నిధులు రాష్ట్ర బడ్జెట్ నుంచి రావాలి, నిదానంగానే వస్తాయి.

రెండింట్లోనూ లేకుండా దేవాదాయ శాఖ కింద ఉంటే ఆ శాఖ గుళ్ల బాగు కోసం ఉంచిన ఉమ్మడి నిధికి, అంటే సర్వశ్రేయో నిధికి, అర్జీ పెట్టుకోవచ్చు. ఇక్కడే జాగ్రత్త. జీర్ణోద్ధరణ అంటే మనవాళ్లకి గ్రానైటు, ఆయిల్ పెయింటు! శాసనం ఉన్న రాయి మీద రంగు పడితే అక్షరాలు పూడుకుపోతాయి. పని మొదలెట్టకముందే ప్రతి రాయినీ ఏటవాలు ఎండలో ఫోటో తీసి పెట్టుకోండి. మీది నెల్లూరు వైపైతే, ఆ జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి, మీ ఊరి పేరు ఉందేమో వెతకండి.

ఇక పాటలు. యానాదులు గిరిజనులు కాబట్టి ఇది గిరిజన శాఖ దారి. గిరిజన పరిశోధన సంస్థలకు కేంద్రం నూరు శాతం గ్రాంటు ఇస్తుంది. భాష, పాట, నాటు వైద్యం నమోదు చేయడం అందులోకే వస్తాయి. వ్యక్తిగా మీకు నేరుగా రాదు, రాష్ట్ర సంస్థ ద్వారా ప్రతిపాదన వెళ్లాలి. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడిగి మొదలుపెట్టండి. 2023లో మరీ వెనకబడిన గిరిజన తెగల కోసం కేంద్రం తెచ్చిన పీఎం జన్‌మన్ పథకం నల్లమల చెంచులకు వర్తిస్తుంది గానీ యానాదులకు కాదు. పైగా అది ప్రధానంగా ఇళ్లు, రోడ్ల పథకం.